పాకాల లెక్క

వైశాఖం సగమైంది. పాకాల నీళ్లు
తూము మెట్లు ఒక్కొక్కటే దిగిపోయినయి.
నీళ్లు ఇడిచిన మేర నల్లమట్టి
పాత చెప్పుతోలు లెక్క పలిగి,
పలిగిన సందుల్ల గడ్డి మాత్రం ఇంకా పచ్చగ.

ఏటా ఈ నెలల జంతువుల లెక్క పెడ్తరు,
నీళ్ల కాడ ఒక రాత్రి, ఒక పగలు.
నాకూ ఎర్రయ్య తాతకూ ఒక మంచె.
హన్మకొండ కాలేజి నుంచి వచ్చిన నౌషీన్‌కు
మెడల దుర్భిణి, ఒళ్లె అట్ట, అట్ట మీద కాయితం.
కాయితంల గడులు: ఏది, ఎన్ని, ఎన్ని గంటలకు.

నాలుగున్నరకు దుప్పులు పదకొండు.
పన్నెండోది దుప్పినో ఎండుకొమ్మల నీడనో
తేలలేదు, రాయలేదు.
అయిదుంబావుకు కొండముచ్చు దిగి
నీళ్లల్ల తన మొఖం చూసి ఉలిక్కిపడ్డది.
"ఒకటా, రెండా?" అన్నడు తాత.
మోడు మీద పాముమెడ పిట్ట రెక్కలారేసుకున్నది,
దండెం మీద మర్చిపోయిన నల్లంగీ లెక్క.
తునికాకు మూటలెత్తుకొని కట్ట మీదంగ పోయే ఆడోళ్లు
మమ్మల్ని చూసి కేకేసిన్రు:
"మమ్ముల గూడ రాసుకోండ్రి, తొమ్మిదిమందిమి!"

చీకటి పడ్డంక గుడ్డెలుగు.
కనపడలే. పుట్ట తవ్వే చప్పుడు,
ముక్కుతోటి గాలి గుంజే చప్పుడు.
"వినపడ్డది రాయొచ్చా?" అని నౌషీన్
నా చెవిల అడిగింది.

రెండు గంటలకు తీతువు లేచింది.
ఒక్క కూత కాదు. ఆగకుంట,
చెరువును ఈ ఒడ్డు కాడికెల్లి ఆ ఒడ్డు దాక కోసుకుంట.
నా చిన్నప్పుడు అది కూస్తే
మా అవ్వ పొయ్యిల ఇంత ఉప్పు ఏసి
వాకిట్ల నిలబడి ఊరంత లెక్కబెట్టేది:
మంచం పట్టినోళ్లు, నెలలు నిండినోళ్లు,
లారీల మీద దూరం పోయినోళ్లు.
నేనూ మంచె మీద కూసొని లెక్కబెట్టిన.
నర్సంపేట దవాఖానల మా అన్న కాడ ఆగిన.
సెల్లుకు సిగ్నల్ లేదు.
తెల్లారేదాక అది కూసింది,
నేను వేళ్లు ముడుచుకున్న, ఇప్పుకున్న.

తెల్లారి పోయి చూసినం.
బురదల నక్క అడుగులు,
తొందర లేకుంట వచ్చినయి, తొందర లేకుంట పోయినయి.
గులకరాళ్ల నడుమ గుంతల
నిన్న నాలుగు గుడ్లు, నేనే చూసిన.
ఇయ్యాల రెండు.
రాత్రంత అది ఒర్లింది దాని ఇంటి కోసం.
మా అన్న సంగతి దానికేం తెలుసు?
ఎన్ని తరాల సంది
దాని దుఃఖాన్ని మా ఖాతల రాసుకున్నమో.

పది గంటలకు రాళ్లు కాలుతున్నయి.
జంటల ఒకటి కాకుల్ని అదిలిస్తుంటే
ఇంకోటి నీళ్లకు ఉరికింది, కడుపు ముంచింది,
తడి ఈకలతోటి వచ్చి
ఆ రెండిటి మీద మెల్లగ కూసున్నది.
ఆరంగనే మళ్ల లేచింది. మళ్ల వచ్చింది.
పోయిన వారం నీళ్లు ముప్పై అడుగుల దూరం,
ఇప్పుడు నలభై దాటింది.
నౌషీన్ పదిహేడు సార్లు లెక్కబెట్టి
కాయితం అటూ ఇటూ తిప్పింది.
"అక్కా, ఇది ఏ గడిల రాయాలె?"
తాత బీడీ తీసి, అడివి ఎండున్నదని యాదికొచ్చి
మళ్ల జేబుల పెట్టుకున్నడు.

"తీతువులు, రెండు" అని రాసింది ఆఖరికి.
గుడ్లకు గడి లేదు.

జీపు వచ్చేటాల్లకు కట్ట ఎక్కిన.
అక్కడ ఒక గీత సిగ్నల్ దొరుకుతది.
మా అన్న ఎత్తిండు. ఇడ్లీ తింటున్నడట,
చట్నీల ఉప్పు లేదట.
"ఏందే పొద్దుపొద్దున, ఏమైంది?"
"ఏం లేదు" అన్న.
కింద అది
పద్దెనిమిదోసారి నీళ్లకు పోతున్నది.